కన్ను లేని పావురం

"మీ అక్కని చంపాల్సి రావచ్చు," అన్నాడు చీఫ్.

కాఫీలో పంచదార ఎంత వేయమంటావని అడిగినంత మామూలుగా అన్నాడు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చోబోతున్న ఏజెంటు అలాగే ఆగిపోయాడు, సగం నిలబడి, సగం కూర్చుని.

ఆ ఏజెంటుని డిపార్ట్‌మెంట్‌లో జిగురు అంటారు. ఎవరి వెనకాలైనా పడ్డాడంటే ఇక ఊడడు కాబట్టి ఆ పేరొచ్చిందని అందరి నమ్మకం. నిజానికి ఆ పేరు పెట్టింది వాళ్లక్క. చిన్నప్పుడు ఆమె ప్రాణంలా దాచుకున్న దేశదేశాల స్టాంపులన్నిటికీ వెనకాల జిగురు పూసి ఆల్బంలో గట్టిగా అతికించేశాడు, పాపం సాయం చేద్దామని. స్టాంపు మీద వేలిముద్ర పడితేనే విలవిల్లాడే మనిషి ఆమె. సెలవులు అయిపోయేదాకా తమ్ముడితో మాట్లాడలేదు. ఆ అక్కే పెద్దయ్యాక నోట్లూ స్టాంపులూ అచ్చేసే సెక్యూరిటీ ప్రెస్‌లో ఎన్‌గ్రేవర్ అయింది. దేశం స్టాంపుల మీద కనిపించే ప్రతి ఆకూ, ప్రతి రెక్కా ఆమె డై అనే స్టీలు అచ్చుదిమ్మ మీద చేత్తో చెక్కినవే.

"కూర్చో," అన్నాడు చీఫ్.

"నిలబడే వింటాను సార్."

చీఫ్ గోడ మీద వీడియో వేశాడు. ప్రెస్ వెనక గేటు. అక్క భుజాన సంచీ తగిలించుకుని బయటికొచ్చింది. అటూ ఇటూ చూడలేదు. ఆగి ఉన్న కారు ఎక్కింది. కారు వెళ్లిపోయింది.

"నిన్నటిది. అప్పట్నుంచి మీ అక్క లేదు. శాంతి ఒప్పందం స్టాంపు తాలూకు ఒరిజినల్ డై కూడా లేదు."

"మా అక్క ఆఫీసు నుంచి గుండుసూది కూడా ఇంటికి తేదు సార్."

"అందరి అక్కలూ అంతే, దొరికేదాకా." చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "స్టాంపు గురించి నాకు బెంగ లేదు. ఆ చేతులే కరెన్సీ నోట్ల ప్లేట్లు కూడా చెక్కుతాయి. ఆ చేతులు వాటర్‌మార్క్ వాళ్లకి దొరికితే మన నోటుకీ చిత్తు కాగితానికీ తేడా ఉండదు."

వాటర్‌మార్క్ అనేది ఒక విదేశీ ముఠాకి డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న పేరు. నోటు కాగితంలోని నీటిగుర్తులాగా, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే తప్ప కనపడరు. ఎక్కడ యుద్ధం వచ్చేలా ఉంటే అక్కడ తేలతారు. రెండు వైపులకీ ఆయుధాలు అమ్ముతారు. యుద్ధం ఆగిపోయేలా ఉంటే వాళ్లకి కడుపు మంట.

ఇప్పుడు ఆగిపోయేలానే ఉంది. పక్కదేశంతో సరిహద్దులో సైన్యాలు ముఖాముఖి నిలబడి ఉన్నాయి. ఇద్దరికీ నచ్చజెప్పి సంతకాలదాకా తీసుకొచ్చిన మధ్యవర్తి ఒక ముసలాయన. ఆయనకి స్టాంపుల పిచ్చి. అందుకే సంతకాలకి ముందు, అంతర్జాతీయ స్టాంపుల ఎగ్జిబిషన్‌లో ఒప్పందం స్టాంపు రిలీజ్ పెట్టించుకున్నాడు. విడుదల రోజునే కొత్త స్టాంపు అంటించి ముద్ర కొట్టే కవర్ని ఫస్ట్ డే కవర్ అంటారు; అందులో మొదటిదాని మీద మొదటి ముద్ర ఆయనే కొడతాడు. అక్కడి నుంచి నేరుగా సంతకాలకి.

"ఈ రోజే," అన్నాడు చీఫ్. "ఆ హాల్లో మన ఇన్ఫార్మర్ ఒకావిడుంది. అందరూ మింట్ మేడమ్ అంటారు. ముద్ర పడిన స్టాంపుని చేత్తో కూడా ముట్టుకోదు, అన్నీ కొత్తవే, అంటే మింట్ స్టాంపులే అమ్ముతుంది. వాటర్‌మార్క్ వాళ్లు కూడా ఆవిడ దగ్గరే సమాచారం కొంటారు. మనకీ అమ్ముతుంది, వాళ్లకీ అమ్ముతుంది."

"అలాంటిదాన్ని ఎలా నమ్మడం సార్?"

"నమ్మమని ఎవరన్నారు? అడగమన్నాను." చీఫ్ డ్రాయర్ లోంచి స్టాంపులు పట్టుకునే ట్వీజర్స్ తీసి బల్ల మీద పెట్టాడు. "లోపలికి తుపాకీ పోనివ్వరు. ఇది పోనిస్తారు, స్టాంపులు సేకరించే ప్రతి కలెక్టర్ జేబులోనూ ఉంటుంది. మొనలో సూది ఉంది. ఒకసారి నొక్కితే మనిషి నిద్రపోతాడు. నొక్కి పట్టుకుంటే ఇంక లేవడు. మీ అక్క డైతో సహా వాళ్ల చేతిలో పడేలా ఉంటే..."

చీఫ్ ట్వీజర్స్‌ని అతని వైపు జరిపాడు.

"నన్నే ఎందుకు సార్?"

"వేరేవాడైతే నొక్కి పట్టుకునే ముందు ఆలోచించడు. నువ్వైతే ఆలోచిస్తావు." చీఫ్ మొహం తిప్పుకున్నాడు. "ఇంకోటి. హాలు నిండా జామర్లున్నాయి. ఫోన్, వైర్‌లెస్, ఏదీ పలకదు. లోపలికి వెళ్లాక నీకు నువ్వే."

లిఫ్టులో జిగురు ఫోన్ చూసుకున్నాడు. అమ్మ నుంచి మిస్డ్ కాల్స్ వరసగా ఉన్నాయి. చివర్న ఒక మెసేజ్. *అక్క ఫోన్ ఎత్తట్లేదురా. నీతో ఏమైనా చెప్పిందా?*

ట్వీజర్స్ జేబులో వేసుకున్నాడు. ఫోన్ ఆఫ్ చేశాడు.

*

ఎగ్జిబిషన్ హాలంతా తేనెపట్టులా ఉంది. వరసలు వరసలుగా గాజు ఫ్రేములు. మూడు కోణాల స్టాంపులు, గుండ్రటి స్టాంపులు, పట్టు గుడ్డ మీద అచ్చేసినవి, ఇప్పుడు మ్యాపులోనే లేని దేశాలవి. ప్రతి గాజుకీ ఒక ముక్కు ఆనించి ఉంది. ఎవరూ పైకి మాట్లాడట్లేదు, అందరూ గుసగుసలే. వంద గుసగుసలు కలిస్తే ఎంత గోలో అక్కడే తెలుస్తుంది.

జిగురు మెడలో భూతద్దం, చంకలో ఆల్బం, ముక్కు మీద అరువు కళ్లజోడు పెట్టుకుని ఫస్ట్ డే కవర్ల క్యూలో నిలబడ్డాడు. అక్కడి నుంచి వేదిక బాగా కనపడుతుంది. వేదిక మీద నల్లగా నిగనిగలాడే టేబుల్. దానికి ఒకటే కాలు, ఏనుగు కాలంత లావు. టేబుల్ మీద ప్యాడ్, ప్యాడ్ మీద రెండు పావురాల స్టాంపు అంటించిన మొదటి కవర్, పక్కన ముద్ర కొట్టడానికి బరువైన ఇత్తడి క్యాన్సిలర్. తెల్ల గ్లౌజులేసుకున్న సన్నటి మనిషి ఆ టేబుల్ చుట్టూ తిరుగుతూ ఎవర్నీ దగ్గరికి రానివ్వట్లేదు. అతను ఎగ్జిబిషన్ నిర్వహించే క్యూరేటర్. ఆ టేబుల్ ఎంత ప్రశస్తమైనదో, దాన్ని తను ఎక్కడి నుంచి తెప్పించాడో కనపడిన వాళ్లందరికీ చెబుతున్నాడు.

జిగురు ముందు ఇద్దరు కలెక్టర్లున్నారు. ఒకాయన బొద్దుగా, ఒకాయన బొత్తిగా సన్నగా.

"మీ బావగారు రాలేదేం?" అన్నాడు సన్నటాయన.

"ఆయన పేరెత్తకండి," అన్నాడు బొద్దాయన. "ఎర్రర్ స్టాంపు దొరికిందండీ మహానుభావుడికి. ఓడ బొమ్మ తలకిందులు. అదృష్టం తలుపు తట్టింది. ఈయన చూసుకోకుండా కవర్‌కి అంటించి, పోస్టాఫీసుకెళ్లి, పైన ముద్ర కొట్టించుకొచ్చాడు. లక్షల సరుకు చిల్లర పైసలైంది."

"అయ్యయ్యో. మింట్ ఎర్రర్ మీద ముద్రా?"

"మా చెల్లెలు మూడురోజులు అన్నం తినలేదు. నేనైతే ఆయన మొహం చూడ్డం మానేశాను. మనిషి మీద చెయ్యి చేసుకున్నా క్షమించొచ్చు గానీ..."

సన్నటాయన నిజంగానే కళ్లొత్తుకున్నాడు. జిగురుకి ఇంకో రోజైతే నవ్వొచ్చేది. ఇవాళ వినపడిందంతే. వీళ్లకి ఇంతకంటే పెద్ద కష్టాలు లేవు కాబోలు అనుకుని, క్యూ వదిలేసి, వేదిక పక్కనున్న స్టాల్ వైపు నడిచాడు.

ఆకుపచ్చ పట్టు గౌను, మోచేతులదాకా నల్ల గ్లౌజులు, చెవులకి స్టాంపంత రవ్వలు. మింట్ మేడమ్ స్టాల్ దగ్గర స్టాంపులు చూసేవాళ్లకంటే ఆవిణ్ణి చూసేవాళ్లే ఎక్కువ. జిగురు ఆల్బం బల్ల మీద పెట్టాడు.

"నీళ్లలో నానబెట్టిన స్టాంపు ఆరిందాండీ?"

ఆమె తలెత్తలేదు. "ఆరింది. అంచు కాస్త ముడుచుకుంది." కోడ్ సరిపోయింది. తర్వాత తలెత్తి అతని మొహం పరీక్షగా చూసింది. "మీ ఇద్దరిదీ ఒకటే ముక్కు."

జిగురు బల్ల మీదకి వంగాడు. "ఎక్కడుంది?"

"కింద. స్టోర్ రూమ్‌లో. బతికే ఉంది."

"డై?"

"అదీ అక్కడే. నా వెనకాల రా. మరీ దగ్గరగా రాకు, బాగుండదు."

స్టాల్ వెనక చిన్న తలుపు, కిందికి సిమెంటు మెట్లు, ట్యూబ్‌లైటు వెలుగుతూ ఆరుతూ ఉన్న వసారా. ఆమె హీల్స్ టకటకా ముందు వెళుతున్నాయి. చివరి తలుపుకి తాళం తీసి పక్కకి తప్పుకుంది. లోపల ఖాళీ ఫ్రేముల గుట్టల మధ్య, నీళ్ల గొట్టానికి కట్టేసి, నోటికి టేపు వేసి, అక్క.

తలుపు దాటే ముందు వెనకాల ఎవరున్నారో చూసుకోవాలని ట్రెయినింగ్‌లో మొదటి రోజే చెబుతారు. జిగురు వేరేవాళ్లకి అదే పాఠం చెప్పాడు కూడా. అక్క కళ్లు కనపడగానే అదంతా మర్చిపోయి లోపలికి పరిగెత్తాడు.

వెనకాల తలుపు మూసుకుంది. తాళం పడింది.

*

టేపు లాగాడు. అక్క ముందుగా అన్న మాట, "మెల్లగా రా, వెధవా."

బతికున్న అక్కలానే ఉంది. జిగురు కట్లు విప్పాడు. అంతసేపు కట్టేసి ఉన్నా ఆమె బొటనవేళ్లు లోపలికి మడిచి, పిడికిళ్లు బిగించుకునే ఉంది. చేతులకి దెబ్బ తగలకుండా. కాళ్లు మాత్రం మొద్దుబారిపోయి కదలట్లేదు. పక్కనే ఆమె సంచీ, సంచీలో డై.

"అక్కా, నువ్వు డై తీసుకుని..."

"ఎగ్జిబిషన్‌లో పెడదాం తెమ్మన్నాడు క్యూరేటర్. పర్మిషన్ చూపించాడు, కారు పంపాడు. దొంగ పర్మిషనని నాకేం తెలుసు?" ఆమె గొంతు తడారిపోయి ఉంది. "విను చిన్నా. నిన్న ట్రయల్ ముద్రలు వేద్దామని పైకి వెళ్లాను. కవర్ కింద ప్యాడ్ నాది కాదు. మేం మెత్తటి రబ్బరు వాడతాం, ముద్ర కాస్త లోపలికి దిగితేనే అంచులు తేటగా పడతాయి. ఇది చేత్తో తడిమితేనే బిర్రుగా ఉంది. ఎత్తి చూశాను. వైర్లు. అన్నీ టేబుల్ కాల్లోకి పోతున్నాయి."

జిగురు పైకి చూశాడు. పైకప్పు మీద ధనధనా అడుగుల చప్పుడు. వేదిక సరిగ్గా వాళ్ల నెత్తిమీద ఉంది.

"జామర్లుంటే రిమోట్ పనిచేయదు," అన్నాడు నెమ్మదిగా. "టైమర్ పెడితే కార్యక్రమం ఆలస్యం కావచ్చు. అందుకని..."

"అందుకని ఆయన చేత్తోనే. క్యాన్సిలర్ దెబ్బ ప్యాడ్ మీద పడగానే అంతా అయిపోతుంది. ప్యాడ్ ఎవరు మార్చారని నేరుగా ఆ గ్లౌజుల వాడినే అడిగాను, తెలివితక్కువదాన్ని." అక్క సంచీ వైపు చూసింది. "రేపు శిథిలాల్లో నేను దొరుకుతాను, పక్కన డై ఉంటుంది. బాంబు పెట్టింది నేనే అంటారు. పక్కదేశం మన మీద పడటానికి అంతకంటే కారణం అక్కర్లేదు. అమ్మ చచ్చేదాకా తల ఎత్తుకోలేదు."

జిగురు తలుపుని భుజంతో గుద్దాడు. ఇనప తలుపు. ఇంకోసారి గుద్దాడు. వసారాలో అప్పటిదాకా అటూ ఇటూ తిరుగుతున్న హీల్స్ చప్పుడు ఇప్పుడు దూరమవుతోంది.

"మేడమ్," అని అరిచాడు. "టేబుల్లో బాంబుంది. ముద్ర పడగానే పేలుతుంది. ఆ సంగతి మీకు చెప్పాడా వాడు?"

హీల్స్ ఆగాయి.

"అబద్ధం," అంది ఆమె గొంతు. "నోట్ల కోసం. ఎన్‌గ్రేవర్‌ని దేశం దాటిస్తామన్నారు, అంతే."

"దాటించేవాళ్లయితే వేదిక కిందే ఎందుకు దాచారండీ?" అంది అక్క లోపల్నుంచి. గట్టిగా కాదు, క్లాసులో పిల్లని అడిగినట్టు.

పైన చప్పట్లు వినపడ్డాయి. మధ్యవర్తి వచ్చేసినట్టున్నాడు.

"నాకు ముందు వరసలో, మధ్య సీటు వేయించాడు," అంది మింట్ మేడమ్ చిన్నగా. "గౌరవం అనుకున్నాను."

తలుపు కింద సందులోంచి తాళంచెవి జర్రుమంటూ లోపలికి వచ్చింది.

"నేను మిమ్మల్ని చూడలేదు. మీరు నన్ను చూడలేదు." హీల్స్ ఈసారి పరుగందుకున్నాయి.

జిగురు తలుపు తీసి, వెనక్కొచ్చి అక్కని ఎత్తుకోబోయాడు. ఆమె చెయ్యి విదిలించి కొట్టింది.

"నన్ను మోసుకుని మెట్లెక్కేసరికి ఆయన కొట్టేస్తాడు. ఇద్దరం పోతాం, పైనవాళ్లంతా పోతారు."

"నిన్ను ఇక్కడ వదిలేసి..."

"ఇంకోటి. బాంబు అని మాత్రం అరవకు. నిన్న రిహార్సల్ చూశాను. ఆ మాట వినపడగానే గార్డులు ఆయన్ని టేబుల్ మీదకి వంచి పైన పడతారు. ప్యాడ్ మీదే పడతారు."

"మరేం చెప్పను?"

"నాకేం తెలుసురా? నువ్వు కదా గూఢచారివి." ఆమె నవ్వబోయింది గానీ పెదాలు సహకరించలేదు. "ఏదో ఒకటి చెప్పి ఆయన చెయ్యి ఆపు. పో."

అతను కదల్లేదు. చిన్నప్పుడు ఆల్బం ముందు చేతులకి జిగురుతో నిలబడ్డప్పటిలాగే నిలబడ్డాడు.

"చిన్నా," అంది అక్క. "పరిగెత్తు."

*

మెట్ల పైన గార్డు అడ్డం వచ్చాడు. పాస్ ఏది, ఎక్కడి నుంచి వస్తున్నావు, ఆ చొక్కా ఏంటి అలా ఉంది. జిగురు చెప్పడానికి నోరు తెరిచాడు. ఏం చెప్పినా సేపు పడుతుంది. జేబులోంచి ట్వీజర్స్ తీసి ఒక్కసారి నొక్కి వదిలేశాడు. అక్క కోసం ఇచ్చిన సూది ఒక అమాయకపు గార్డుకి పనికొచ్చింది. అతన్ని గోడకి ఆనించి కూర్చోబెట్టి హాల్లోకి దూసుకెళ్లాడు.

ఉపన్యాసం అయిపోయింది. హాలంతా ఊపిరి బిగబట్టి ఉంది. వేదిక మీద మధ్యవర్తి, తెల్ల జుట్టు, వంగిన నడుము, మొహంలో పుట్టినరోజు నాటి పిల్లాడి సంబరం. కుడిచేత్తో క్యాన్సిలర్ తీసుకుని ఇంకు అద్దుకున్నాడు. ముందు వరసలో మధ్య సీటు ఖాళీగా ఉంది. క్యూరేటర్ మర్యాదగా చప్పట్లు కొడుతూ ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ సైడ్ తలుపు దగ్గరికి చేరుకున్నాడు.

జిగురుకీ వేదికకీ మధ్య తాళ్లు, కుర్చీలు, జనం, గార్డులు. ఇద్దరు గార్డులు అప్పుడే అతని వైపు తిరిగారు. పరిగెత్తితే పట్టుకుంటారు. బాంబంటే ఆయన్ని ప్యాడ్ మీదకి తోస్తారు. ఆగండి అంటే పిచ్చివాడంటారు, ఆ తర్వాత ఆయన ముద్ర కొడతాడు. కాళ్ల కింద, సరిగ్గా ఆ వేదిక కింద, అక్క పిడికిళ్లు బిగించుకుని కూర్చుని ఉంటుంది.

క్యాన్సిలర్ పైకి లేచింది.

ఎక్కడినుంచి వచ్చిందో, ఎదురుగా క్యూలోంచి తలొకటి కనపడింది. బొద్దాయన. బావగారి మొహం చూడ్డం మానేసిన బొద్దాయన.

"సార్," అని జిగురు గొంతు చించుకున్నాడు. "దాని మీద ముద్ర వేయకండి. అది ఎర్రర్ స్టాంపు. కుడి పావురానికి కన్ను లేదు."

ఇత్తడి గాల్లో ఆగిపోయింది.

మధ్యవర్తి క్యాన్సిలర్‌ని ఎంత జాగ్రత్తగా పక్కకి జరిపాడంటే, పసిబిడ్డ మీద పడబోయిన నిప్పుని తప్పించినట్టు.

"ఏమన్నారు?"

"కన్ను లేదు సార్. అచ్చు తప్పు. షీటంతటికీ అదొక్కటే."

గార్డులు వచ్చి జిగురుని రెండు రెక్కలూ పట్టుకున్నారు. ముసలాయన అదేం చూడట్లేదు. క్యాన్సిలర్‌ని చంకలో ఇరికించుకుని, రెండు చేతుల్తో కవర్‌ని ప్యాడ్ మీంచి ఎత్తి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కళ్లు చిట్లించాడు. "భూతద్దం. ఎవరిదగ్గరైనా భూతద్దం ఉందా?"

ఎవరి దగ్గర లేదు? హాలంతా భూతద్దాలే. బొద్దాయన అందరికంటే ముందు కదిలాడు. ఆయన వెనక సన్నటాయన, ఆ వెనక క్యూ మొత్తం. తాళ్లు తెగాయి, కుర్చీలు పడ్డాయి. నాది తీసుకోండి సార్, నాది పది రెట్లు చూపిస్తుంది, మీరు తోయకండి, ముందు నేను. ఏ సైన్యమూ ఆపలేని ఆ గుంపు గార్డుల్నీ, గార్డుల మధ్య జిగురునీ కలిపి వేదిక మీదకి ఈడ్చుకుపోయింది.

"సార్, స్టాంపు బాగానే ఉంది," అని తలుపు దగ్గర్నుంచి క్యూరేటర్ అరిచాడు. గొంతు కీచుగా ఉంది. "నేనే చూశాను. మీరు కానివ్వండి."

"అంత దూరం నుంచి మీకెలా కనపడుతుందయ్యా?" అన్నాడు మధ్యవర్తి తలెత్తకుండా. "ఇలా రండి, దగ్గరికొచ్చి చూడండి."

క్యూరేటర్ రాలేదు. రాకపోగా ఇంకో అడుగు వెనక్కి వేశాడు. హాల్లో ఉన్న ప్రాణమున్న ప్రతి మనిషీ స్టాంపు వైపు పరిగెడుతుంటే, స్టాంపులే జీవితమని చెప్పుకునే ఒక్కడు మాత్రం గుమ్మం వైపు. గార్డుల పెద్ద అది గమనించాడు. ఏదో తేడాగా ఉందని అతని మొహంలో కనపడింది.

జిగురు మాత్రం ముసలాయన చంక వైపే చూస్తున్నాడు. భూతద్దం అందుకోవడానికి ఆయన చెయ్యి చాచాడు. చంక వదులైంది. క్యాన్సిలర్ జారింది.

నేరుగా ప్యాడ్ మీదకి.

ఎలా విదిలించుకున్నాడో జిగురుకి తెలియదు. చొక్కా చెయ్యి గార్డు చేతిలోనే ఉండిపోయింది. టేబుల్ మీదకి వాలకుండా, నేల మీద మోకాళ్లు పడి, అరచెయ్యి ప్యాడ్‌కి పైన గాల్లో చాపాడు. ఇత్తడి మొహం సూటిగా అరచేతిలో పడింది. ఎముక విరిగిందేమో అన్నంత నొప్పి. చెయ్యి దిగింది, దిగింది, ప్యాడ్‌కి వెంట్రుకంత దూరంలో ఆగింది.

క్యాన్సిలర్‌ని పొట్టకి అదుముకుని లేచి, ముసలాయన చెవి దగ్గర నోరు పెట్టాడు.

"సార్. కవర్ చేతిలోనే ఉంచుకుని నాతో బయటికి నడవండి."

"ఆగవయ్యా, కన్ను చూడాలి."

"బయట వెలుతురు బాగుంటుంది సార్."

ఆ మాట ఆయనకి న్యాయంగా తోచింది. కవర్‌ని గుండెకి హత్తుకుని నడిచాడు. బెల్లం ముక్క కదిలితే చీమల బారు కదిలినట్టు హాలు హాలంతా ఆయన వెనకాల కదిలింది. ఎవరూ అరవలేదు, ఎవరూ తొక్కుకోలేదు. ఏ డ్రిల్లులోనూ ఒక భవనం అంత బుద్ధిగా ఖాళీ అయి ఉండదు. సైడ్ తలుపు దగ్గర ఆ ప్రవాహానికి ఎదురుపడిన క్యూరేటర్‌ని బొద్దాయన పొట్ట గోడకి నొక్కేసింది. ఊడబెరికి బయటికి లాగేసరికి గార్డుల పెద్ద సంకెళ్లు పట్టుకుని రెడీగా ఉన్నాడు.

గుమ్మం దాటాక జిగురు గార్డుల పెద్దతో మూడు ముక్కలు చెప్పాడు. టేబుల్, ప్యాడ్, కాలు. ఆయన మొహం పాలిపోయింది.

జవాబు వినకుండా జిగురు వెనక్కి తిరిగాడు. అందరూ బయటికొస్తుంటే అతనొక్కడే లోపలికి. సిమెంటు మెట్లు, ట్యూబ్‌లైటు, ఇనప తలుపు. అక్క నేల మీద పాక్కుంటూ తలుపుదాకా వచ్చి ఉంది, పళ్ల మధ్య సంచీ పట్టీ పట్టుకుని. చేతులు మళ్లీ పిడికిళ్లే.

"పేలలేదేంరా?" అంది.

"నువ్వు మాట్లాడకు. వీపెక్కు."

*

బాంబ్ స్క్వాడ్ టేబుల్ కాలు విప్పి, లోపల ఉన్నదాన్ని సీసం డబ్బాలో పెట్టి తీసుకెళ్లిపోయింది. మింట్ మేడమ్ జాడ లేదు. స్టాల్లో స్టాంపులన్నీ వదిలేసి, జిగురు అక్కడ వదిలేసిన ఆల్బంలో అంచు ముడుచుకున్న స్టాంపు ఒకటి మాత్రం పెట్టి వెళ్లింది.

చీఫ్ వచ్చేసరికి అక్క బయట మెట్ల మీద కూర్చుని ఫోన్లో అమ్మతో మాట్లాడుతోంది. ఛార్జింగ్ అయిపోయిందమ్మా, అంతే, ఓవర్‌టైమ్, అన్నం తిన్నాను. ఫోన్ పెట్టేశాక చీఫ్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మీకు నేను క్షమాపణ చెప్పాలి."

"మీది తర్వాత," అంది అక్క. "ముందు వీడు చెప్పాలి."

"నేనేం చేశానే?" అన్నాడు జిగురు.

"నా పావురానికి కన్ను లేదన్నావట. దేశదేశాల కలెక్టర్ల ముందు. ఆ కంటికి నాకు వారం పట్టింది తెలుసా? ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"అక్కా, నీ ప్రాణం కోసం..."

"ప్రాణం సరే. కన్ను సంగతి చెప్పు."

జిగురు సాయం కోసం అటుగా వచ్చిన మధ్యవర్తి వైపు చూశాడు. సంతకాలు ముగించుకుని, అడ్డొచ్చిన అధికారుల్ని పక్కకి నెట్టి మరీ వచ్చాడాయన. చేతిలో ఆ కవర్ ఇంకా ఉంది.

"సార్, మీరైనా చెప్పండి. బాగా చూశారు కదా. కన్నుంది కదా?"

"లేదు," అన్నాడు ముసలాయన గట్టిగా. "నా రెండు కళ్లతో చూశాను. ఇది నేనెవరికీ ఇవ్వను."

ఆ వెనక ఫస్ట్ డే కవర్ల క్యూ వీధి మలుపు దాటి పోయింది. ప్రతివాడూ కొన్న కవర్‌ని కొన్నచోటే భూతద్దం కింద పెడుతున్నాడు. ఒకడు నాదానికీ లేదంటున్నాడు, ఇంకొకడు నాదానికి ఎడమవైపు లేదంటున్నాడు. అక్క తల పట్టుకుంది.

"సరే, చెయ్యి చూపించు," అంది కాసేపయ్యాక. "విరిగిందా?"

జిగురు అరచెయ్యి చాపాడు. వాచి ఎర్రగా ఉన్న చర్మం మీద నల్లటి గుండ్రటి ముద్ర. చుట్టూ అక్షరాలు, మధ్యలో ఈ రోజు తేదీ. శాంతి ఒప్పందం స్టాంపుకి ప్రపంచంలో పడిన మొట్టమొదటి ముద్ర.

అక్క ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత తమ్ముడి మెడలోని భూతద్దం లాగి, ముద్ర మీద పెట్టి, ఆ అంచు నుంచి ఈ అంచుదాకా చూసింది.

"ఇంకు చెదిరింది," అంది. "కలెక్షన్‌కి పనికిరాదు."